రూమ్‌లో ఉన్న మందులన్నీ తెండి

నన్ను ఇబ్రికి పంపింది నా నోరే. ఇందులో వేరే ఎవరినీ తప్పుపట్టను.

మస్కట్‌లో మా మందుల షాపుల కంపెనీ నెలవారీ మీటింగు. ఏ బ్రాంచిలో ఎన్ని విటమిన్ డబ్బాలు, ఎన్ని షాంపూలు అమ్ముడయ్యాయో తెర మీద చూపిస్తున్నారు. ఎక్కువ అమ్మినవాళ్లకు చప్పట్లు, కమీషను. నాకు మాత్రం మెమో. కారణం ఏమిటంటే, ఆ నెల నేనొక ముసలావిడకు మందు అమ్మకుండా పంపేశాను. ఆవిడ ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్తోంది. ఇద్దరూ ఒకే బీపీ మందును రెండు కంపెనీల పేర్లతో రాశారు. ఆవిడ రెండూ వేసుకుంటోంది. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతోంది. అది పట్టుకోవడానికి నాకు అరగంట పట్టింది. ఆ అరగంట కౌంటర్లో బేరం లేదు, పైగా అమ్మాల్సిన డబ్బా ఒకటి మిగిలిపోయింది.

లేచి నిలబడ్డాను. "షాంపూ అమ్మితే డబ్బులిస్తారు. మనిషి పడిపోకుండా ఆపితే మెమో ఇస్తారు. మేం ఫార్మసిస్టులమా, షాపులో సేల్స్ వాళ్లమా? ఏదో ఒకటి తేల్చండి."

మా ఏరియా మేనేజర్ ఈజిప్టు ఆయన. ఇక్కడ మందులిచ్చేవాళ్లని కూడా డాక్టర్ అనే పిలుస్తారు, ఆడవాళ్లయితే దక్తూరా. ఆయన నవ్వాడు. "యా దక్తూరా, ఉత్త మాటకి డబ్బెవరిస్తారు?"

"ఇచ్చేవాళ్లని వెతకడం మీ డ్యూటీ. మాట చెప్పడం నా డ్యూటీ."

వెతుకుతాడని నేననుకోలేదు. ఎనిమిది నెలలకు వెతికి పట్టుకొచ్చాడు. ఒక బీమా కంపెనీ ఒప్పుకుందట. రోగి తన దగ్గరున్న మందులన్నీ ఒక సంచీలో వేసుకుని వస్తాడు. ఫార్మసిస్టు వాటిని ఒక్కొక్కటే చూసి, ఏది ఎలా వాడాలో చెప్పి, రెండుసార్లు పడుతున్నవీ పాడైపోయినవీ తీసేసి, ఫారం నింపాలి. ఫారానికి ఇంతని బీమా కంపెనీ ఇస్తుంది, అందులో కొంత ఫార్మసిస్టుకి. ముందుగా ఇబ్రిలో, అక్కడి కన్‌స్ట్రక్షన్ కంపెనీల వర్కర్లతో మొదలుపెడతారు. "అడిగింది నువ్వే కదా, వెళ్లి చేసి చూపించు" అన్నాడు.

మావారు, అమ్మాయి మస్కట్లోనే, ఘుబ్రా ఏరియా ఫ్లాట్లో. నేను మూడు గంటల దూరంలో ఇబ్రిలో. మావారు ఒక్క మాటే అన్నారు: "ఆ రోజు మీటింగులో కూర్చుని ఉంటే సరిపోయేది కదా." ఆయన ముప్ఫై ఏళ్లుగా ప్రతి మీటింగులోనూ కూర్చునే ఉన్నారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు కనిపించినప్పుడల్లా అడుగుతుంటారు, "మేడం, మందు గురించి చెప్పినందుకు ఫీజు తీసుకోవచ్చా?" అని. తీసుకోవాలి. ఆ మాట మీద ఇవాళ్టికీ ఎవరితోనైనా పోట్లాడతాను. మన చదువు గల్లాపెట్టె వెనక నిలబడి చిల్లర లెక్కపెట్టడానికి కాదు. కానీ ఆ డబ్బు దేనికి కొలిచి ఇస్తున్నారో మాత్రం చూసుకోండి. నేను చూసుకోలేదు.

ఇబ్రి బ్రాంచిలో నాకంటే ముందు నుంచీ ఉన్నది ఒక మలయాళీ పెద్దాయన. నేను చేట్టా అనేదాన్ని, అంటే అన్నయ్య అని. ఆయన నన్ను మేడం అనేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటర్. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, ఆయన ఒక చీటీ చదివేలోపు నేను ఇద్దరికి మందులిచ్చి ఒకరితో గొడవ కూడా పెట్టుకునేదాన్ని. అదొక గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఈ కొత్త సర్వీసు గురించి అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో అచ్చు వేసిన పోస్టర్లు వచ్చాయి. మా షాపుకొచ్చే వర్కర్లలో సగం మంది జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు వాళ్లు. తెలుగులో నేనే చేత్తో రాసి అతికించాను. ఇంగ్లీషులో 'మీ ఇంట్లో ఉన్న మందులన్నీ' అని ఉంది. వీళ్లకి ఇక్కడ ఇల్లెక్కడిది? వాళ్ల భాషలోనే రాయాలని, 'మీ రూమ్‌లో ఉన్న మందులన్నీ తెండి' అని రాశాను. మస్కట్లో ఏసీలో కూర్చున్న వాళ్లకు తెలియని సంగతి నాకు తెలుసని ఆ రోజంతా మురిసిపోయాను.

జనం వచ్చారు. శుక్రవారం పొద్దున సెలవు కాబట్టి సంచులతో బారు తీరేవారు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు కూర్చోవాలని రూలు. నేను పదకొండు నిమిషాల్లో ముగించేదాన్ని. రోజుకి ఎన్ని ఫారాలు పంపానో మేనేజర్ ఫోన్ చేసి అడిగేవాడు. నేనూ గట్టిగా చెప్పేదాన్ని. మాటకి డబ్బెవరిస్తారు అని నవ్వినవాడు కదా.

ఒక శుక్రవారం యాభై ఏళ్ల మేస్త్రి ఒకడు వచ్చాడు. చేతిలో ఖర్జూరాల ప్లాస్టిక్ డబ్బా, మూతకి రబ్బరు బ్యాండు. తీసి చూశాను. షుగరు మాత్రలు, రెండు రకాల బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, సగం వాడిన యాంటీబయాటిక్, గడువు దాటిన దగ్గు మందు, నొప్పుల మాత్రలు నాలుగు రకాలు, జలుబుకీ జ్వరానికీ దురదకీ ఇంకో ఆరు రకాలు. అడుగున చిన్న సీసాలో తెల్ల మాత్రలు. షీటు నుంచి ఒక్కొక్కటే కత్తిరించినవి. ఏ ముక్క మీదా పూర్తి పేరు లేదు.

"ఇవన్నీ నీవేనా?"

"నావే మేడం."

"బీపీవి రెండెందుకు?"

"ఒకటి పొద్దుగాల, ఒకటి మాపటికి."

"ఎవరు చెప్పారు నీకు? ఇవి రెండూ కలిపి వేసుకుంటే పరంజా మీద నుంచి కాదు, మంచం మీద నుంచే పడతావు." ఒకటి తీసి పక్కన పెట్టాను. "ఈ తెల్లవేంటి?"

"గవి... నరాల గోలీలు."

"పేరు?"

"యాదికి లేదు మేడం."

"పేరు లేని మాత్ర మింగేవాణ్ని ఇప్పుడే చూస్తున్నా. పెళ్లాం పేరైనా గుర్తుందా?"

బారులో నిలబడ్డవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాచి సీసా దగ్గరికి తీసుకున్నాడు. "అవి ఉండనియ్యుండ్రి మేడం. అవసరం పడతయ్."

"ఎవరికి అవసరం?"

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆగడం నేను చూశాను. చూడలేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకే నమ్మకం కుదరదు. తర్వాత అన్నాడు, "నాకే."

చేట్టా పక్క కౌంటర్ నుంచి మెడ చాచాడు. "మేడం, వెనక అక్షరాల ముక్కలు ఉన్నాయి. చూద్దామా?"

"చేట్టా, బయట ఆరుగురు నిలబడ్డారు."

సీసా అతని చేతి కింద నుంచి లాక్కున్నాను. పేరు తెలియని మందు తీసేయాలని ఫారంలో ఉంది, రోగి ఒప్పుకుని సంతకం పెట్టాలని కూడా ఉంది. సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. తీసేసినవి మొత్తం పద్నాలుగు రకాలని రాసి, అన్నీ పారేసే మందుల పెట్టెలో పడేశాను. నెలకోసారి కంపెనీ వ్యాను వచ్చి ఆ పెట్టె పట్టుకెళ్తుంది. షుగరు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పాను, వేలు ఊపి మరీ చెప్పాను. దాదాపు ఖాళీ అయిన డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లాడు.

ఆ ఫారం మస్కట్లో అందరికీ నచ్చింది. ఒక్క మనిషి దగ్గర పద్నాలుగు అక్కర్లేని మందులు! బీమా కంపెనీ నుంచి ఒకావిడ, మేనేజరు కలిసి నా పని చూడటానికి ఇబ్రి వస్తామన్నారు.

వాళ్లు వచ్చిన రోజు ఆదివారం, పదకొండు గంటలు. బీమా కంపెనీ ఆవిడ అదే ఫారం నకలు చేతిలో పట్టుకుని, ఇలాంటిది ఇంకొకటి ఎదురుగా చేసి చూపించమంటోంది. తలుపు తోసుకుని మేస్త్రి లోపలికి వచ్చాడు. డ్యూటీ బట్టలు, సిమెంటు మడమలు. నా దగ్గరికి కాదు, కౌంటర్ మీద పడ్డట్టు వచ్చాడు.

"మేడం, ఆ తెల్ల గోలీలు ఉన్నయా, పారేసిండ్రా?"

"ఎందుకు?"

"దవాఖాన్ల డాక్టరు అడుగుతుండు. ఏం గోలీలు మింగుతుండెనో పేరు చెప్పుమంటుండు. పిల్లగానికి సోయి లేదు. ఊరికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ తెల్ల గోలీలు అంటది, గంతే."

"ఏ పిల్లగాడు? అవి నీవన్నావు కదా!"

"నావి కావు మేడం. మా రూంల ఎనిమిది మందిమి. అందరియి గా డబ్బల్నే ఉంటయి. వానికి ఫిట్సు. మూడేండ్ల సంది గా గోలీలతోనే డ్యూటీ చేస్తుండు. కంపెనీకి తెలుస్తే పంపిస్తరని పేర్లు కత్తిరిచ్చి నా డబ్బల దాస్తం. ఇయ్యాల పొద్దున బస్సుల పడిపోయిండు. నోట్ల నెత్తురు..."

 మిగతాది కూడా చెప్పాడు. ఊరి నుంచి మాత్రలు తెచ్చేవాడు, నేను పారేసిన రోజు నుంచి పది రోజులకు గానీ రాడట. అన్ని రోజులు ఏమీ కాదులే అనుకున్నారట. తొమ్మిది రోజులు గడిచాయి.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు ముందు వచ్చింది కోపమే. "అబద్ధం ఎందుకు చెప్పావయ్యా? ఇవన్నీ నీవేనా అని అడిగానా లేదా?"

"అడిగిండ్రు. ఉరిమిండ్రు గద. కాదంటే డబ్బంత గుంజుకుంటరేమో అనుకున్న. బోర్డు మీద మీరే రాస్తిరి, రూంల ఉన్న మందులన్నీ తెమ్మని. తెచ్చినం."

మళ్లీ తిట్టడానికే నోరు తెరిచాను.  

చేట్టా నా మోచేతి మీద వేలితో తట్టాడు. "మేడం, ముందు మందు పేరు. తిట్టు తర్వాత."

పారేసే పెట్టె తాళం తీసి బోర్లించాను. మేనేజరు, "దక్తూరా, ఏం చేస్తున్నారు? ఈ మనిషెవరు?" అంటున్నాడు. బీమా కంపెనీ ఆవిడ బూటు మీద దగ్గు మందు ఒలికింది. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని గడువు దాటిన మందులన్నీ చేతులతో తోసి సీసా వెతికాను. మాత్రలు లెక్కపెట్టే పళ్లెంలో చేట్టా ఆ ముక్కలన్నీ వెనక్కి తిప్పి పరిచాడు. ఒక ముక్క మీద రెండు అక్షరాలు. ఇంకో దాని మీద సగం అక్షరం. ఒక దాని మీద అంకె. చిన్నపిల్లలు బొమ్మ ముక్కలు జత చేసినట్టు ఆయన నెమ్మదిగా జరుపుతున్నాడు. ఆ నెమ్మది చూసే నేను ఇన్నాళ్లూ నవ్వుకున్నాను. అంచుకు అంచు కలిసింది. పేరు వచ్చింది. మోతాదు వచ్చింది. ఫిట్స్ మందే. ఉన్నట్టుండి ఆపకూడదని కాలేజీలో రెండో ఏడే నేర్చుకున్న మందు.

గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది.

కాగితం మీద పేరు రాసుకుని, మాత్రలు మళ్లీ సీసాలో వేసి మేస్త్రి చేతికిచ్చి, అతనితో ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరుకి అన్నీ చెప్పాను, ఎవరు పారేశారో కూడా. ఆయన నన్ను ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, "పేరు తెచ్చారు, అది చాలు" అని లోపలికి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది.

సాయంత్రానికి ఆ అబ్బాయికి తెలివి వచ్చింది. అబ్బాయంటే ముప్ఫై ఉంటాయి. నాలుక కొరుక్కుని వాచిపోయింది. నా తెల్లకోటు చూసి కంపెనీ తరఫున వచ్చాననుకున్నాడు. సెలైను పెట్టిన చెయ్యి కూడా లేపి రెండు చేతులూ జోడించాడు. మాట ముద్దగా వచ్చింది.

"మూడేండ్లాయె మేడం. ఒక్కసారి కూడ రాలె. ఒక్కసారి కూడ."

నాకు సంజాయిషీ ఇస్తున్నాడు. నాకు! "నీ మాత్రలు పారేసింది నేనేనయ్యా" అన్నాను. అతనికి అర్థం కాలేదు. మేస్త్రి వంగి చెవిలో చెప్పాడు. అప్పుడు నన్ను చూశాడు. కోపంగా చూశాడని చెప్పగలిగితే నాకెంత సుఖంగా ఉండేదో. ఈ మేడం ఇంత చదువుకుని ఇలా ఎలా చేసిందా అన్నట్టు, నిజంగా తెలియక చూశాడు.

బస్సులో అందరి ముందూ పడ్డాడు కాబట్టి కంపెనీకి తెలిసిపోయింది. నేను తెల్లవార్లూ కూర్చుని ఉత్తరం రాశాను: ఇతనికి మందు వేసుకుంటున్నంత కాలం ఏ ఇబ్బందీ రాలేదు, మందు ఆగింది నా తప్పు వల్ల, ఎత్తు మీద కాకుండా కింద స్టోర్లో పని ఇవ్వండి, అని. మా మేనేజరు నకలు చదివి తలుపు మూశాడు.

"ఇది బయటికి వెళ్తే సర్వీసు పోతుంది. నువ్వు పోట్లాడి తెచ్చుకున్న డబ్బు నీకే కాదు, అన్ని బ్రాంచీల వాళ్లకీ పోతుంది. ఆలోచించు దక్తూరా."

"మాట్లాడినందుకు ఫారానికి ఇంతని ఇచ్చారు. మాట్లాడకుండా ఉన్నందుకు ఎంతిస్తారో అది కూడా చెప్పండి."

ఆ తర్వాత ఆయన ఆరు నెలలు నాతో పనికి మించి మాట్లాడలేదు.

ఉత్తరం పట్టుకుని కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసుకి నేనే వెళ్లాను. అక్కడ పర్సొనెల్ ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. మర్యాదగానే అన్నాడు: "మందు ఆగడం మీ తప్పు మేడం. జబ్బు దాచడం అతని తప్పు. మీ తప్పు ఒప్పుకుంటే అతని తప్పు ఎలా పోతుంది? నలభై అడుగుల ఎత్తులో అతని పక్కన ఇంకో మనిషి నిలబడతాడు. వాడికి తెలియక్కర్లేదా?" దేని మీదైనా రెండు వైపులా వాదించగలనని పేరున్న నేను, నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. స్టోర్లో పని మాత్రం ఇవ్వొచ్చు కదా అని రోడ్డు మీదకు వచ్చాక తోచింది. వెనక్కి వెళ్లి అదీ అడిగాను. స్టోర్లో ఖాళీ లేదన్నాడు.

బస్సులో పడిపోయిన పదహారో రోజు అతన్ని ఊరికి పంపేశారు.

నా ఫారం మాత్రం పోలేదు. రద్దు చేయమని రాశాను. డబ్బు చెల్లించేశాక ఫారం రద్దు కాదట, కంప్యూటర్లో ఆ వీలే లేదట. మరుసటి ఏడు మస్కట్లో కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ ఇస్తూ, మంచి ఫారం ఎలా ఉండాలో తెర మీద చూపించారు. పేరు నల్లగా కొట్టేశారు గానీ చేతిరాత నాది. 'తీసేసినవి: 14.' నేను వెనక వరసలో ఉన్నాను. మళ్లీ లేచి నిలబడ్డాను. ఆ పద్నాలుగు ఎవరెవరివో, మొత్తం కథ అక్కడే చెప్పాను. ఫారానికి కాదు, పది రోజుల తర్వాత ఆ మనిషిని మళ్లీ పిలిచి ఎలా ఉన్నాడో కనుక్కున్నందుకు డబ్బివ్వమన్నాను. ఆలోచిస్తామన్నారు. ఈ ఉద్యోగాలు ఇక్కడి వాళ్లకే అన్న నియమం వచ్చి నేను కౌంటర్ దిగేదాకా ఆలోచిస్తూనే ఉన్నారు.

మేస్త్రి మళ్లీ వస్తాడని నేననుకోలేదు. మూడు నెలల తర్వాత ఒక శుక్రవారం వచ్చాడు. అదే ఖర్జూరాల డబ్బా, అదే రబ్బరు బ్యాండు. "చూస్తరా మేడం?" అన్నాడు. ఒక్కో బీమా కార్డుకి ఏడాదికి ఒక్క ఫారమే. అతనిది అయిపోయింది. రాయడానికి ఏమీ లేదు కాబట్టి పెన్ను జేబులో పెట్టుకుని కుర్చీ వేశాను, అతనికి కూడా.

డబ్బా తీశాను. ప్రతి షీటుకీ దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. అట్ట మీద పేరు, ఎవరి పేరు వాళ్ల చేతిరాత. రాయడం రాని ఇద్దరివి మేస్త్రి రాశాడట. ఒక్కోటి చేతిలోకి తీసుకుని, ఇతనికి ఏముంది, ఎప్పటి నుంచి, ఎవరు రాసిచ్చారు, అని అడుగుతూ పోయాను. గొంతు పెంచకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు. మధ్యమధ్య మంచినీళ్లు తాగాను. అప్పుడు నేను రెండోది అని తీసేసిన బీపీ మాత్ర వాళ్ల రూమ్‌లో వంట చేసే ఆయనదట. ఆయన మళ్లీ కొనుక్కున్నాడట. నలభై నిమిషాలు పట్టింది. బారులో వాళ్లు గొణిగారు. చేట్టా వాళ్లని తన వైపు పిలుచుకున్నాడు.

చివరికి అడుగున ఆ చిన్న సీసా తగిలింది. దానికీ అట్టముక్క ఉంది, ఊరెళ్లిపోయిన వాడి పేరుతో. లోపల ఏమీ లేదు. ఖాళీది ఎందుకని తీయబోయాను.

మేస్త్రి చెయ్యి చాచాడు, మొదటి రోజు చాచినట్టే.

"అది ఉండనియ్యుండ్రి మేడం."

ఈసారి నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.